చేనుకు ఎగ్గొట్టిన బాకీ

అనంతపురం పేరెత్తగానే పాలకులంతా ఆకాశం వైపు వేలు చూపిస్తారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదునుకు పడదు, ఏం చేయమంటారు అని. వాన తక్కువే, కాదన్నదెవరు? మరి నాలుగు వానలు బాగా పడ్డ ఏడాది కూడా చేను ఎందుకు నీరసంగా ఉంటోంది? నేలలో సత్తువ లేక. ఆ సత్తువను దోచింది మబ్బులు కాదు, మన సాగు విధానం.

ఆ గరప నేలల్లో ఒకప్పుడు కొర్ర, సజ్జ, జొన్న, కంది, ఉలవ, అలసంద, ఆముదం కలగలిపి వేసేవాళ్లు. 1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ తెచ్చింది. రాయితీ విత్తనం ఎక్కువగా వేరుశనగకే, బ్యాంకు అప్పూ బీమా కూడా ఎక్కువగా దానికే. ఉమ్మడి జిల్లాలో ఆ ఒక్క పంటే ఏడు లక్షల హెక్టార్లు దాటింది. కొర్రలు అడిగిన దిక్కు లేదు. దేశానికి వంటనూనె కావాల్సి వచ్చింది, సీమ ఎర్రనేల దాని ఖరీదు కట్టింది.

వేరుశనగ పప్పుజాతి పంటే కదా, గాలిలోని నత్రజనిని నేలకు తెచ్చిపెడుతుంది కదా అంటారు పుస్తకాల పండితులు. వాళ్లు ఒక్కసారి పీకుడు రోజున చేలోకి రావాలి. చెట్టును వేరుబొడిపెలతో సహా పెరికి, మట్టి దులిపి, కుప్ప వేస్తాం. కాయ మార్కెట్‌కు పోతుంది, కట్టె వామికి పోతుంది. చేలో మిగిలేది రాలిన ఆకులు, తెగిన వేళ్లు. ఇంటి నిండా పశువులున్నప్పుడు ఆ కట్టె తిని వేసిన పేడ, పెంటబండి ఎక్కి మళ్లీ అదే చేనుకు చేరేది. ఎద్దులు పోయి ట్రాక్టర్ వచ్చింది. కట్టె లారీ ఎక్కి ఊరు దాటుతోంది. ఇక తిరిగొచ్చేదేముంది? పంట తీశాక నెలల తరబడి నేల మీద కప్పు లేదు. ఉన్న కాస్త సేంద్రియ పదార్థం ఎండకు మాడి, మెత్తటి పైమట్టి గాలికీ జడివానకూ కొట్టుకుపోతోంది.

నమ్మకపోతే గట్టున బతికి బయటపడ్డ కానుగ చెట్టు కింద గడ్డపారతో ఒక్క పోటు పొడవండి. మట్టి నల్లగా, పొడిపొడిగా లేస్తుంది. కుళ్లిన ఆకు వాసన వస్తుంది. పాతిక అడుగులు చేలోకి నడిచి మళ్లీ పొడవండి. ఖంగుమంటుంది. వాన అదే, ఎండ అదే, నేలా అదే. తేడా అంతా చెట్టు రాల్చిన ఆకుది, దాని నీడన పడుకున్న మేకలు వేసిన ఎరువుది. మెట్టప్రాంతాల్లో పోషకాలు చేనంతా సమంగా పరుచుకుని ఉండవు, ఎక్కడ పచ్చదనం ఉంటే అక్కడే పోగుపడతాయి. అలాంటి చెట్లను ట్రాక్టర్ తిరగడానికి అడ్డమని నరికేశాం. నీడకు పంట దెబ్బతింటుందని రైతు అనే మాట అబద్ధం కాదు. మొదలు దగ్గర నాలుగు సాళ్లు పోతాయి. ఏటా మండలు కొట్టి ఆ ఆకే చేలో తొక్కిస్తే నీడా తగ్గుతుంది, ఎరువూ దక్కుతుంది. తాతలకు తెలిసిన పనే ఇది.

మరి సర్కారు మందేమిటి? రూ.266.50కి యూరియా బస్తా. అందులో ఉన్నది నత్రజని ఒక్కటే. రెండు తెలుగు రాష్ట్రాల మెట్ట పొలాల్లో గంధకం, బోరాన్, జింకు విస్తారంగా లోపించాయని ఇక్రిశాట్ మట్టి పరీక్షలు ఏనాడో తేల్చాయి. వేరుశనగ ఊడ దిగి కాయ నిండడానికి కాల్షియం, గంధకం కావాలి, అంటే జిప్సం కావాలి. అది అదునుకు దొరకదు, యూరియా మాత్రం రాజకీయం. పైగా వేడి నేల మీద తడి లేకుండా చల్లిన యూరియాలో కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. 2015లో మొదలైన భూసార కార్డులో సేంద్రియ కర్బనానికీ ఒక గడి ఉంది. అందులో ‘తక్కువ’ అని రాసి చేతులు దులుపుకున్నారు. తక్కువైతే పెంచేదెవరు, ఏ డబ్బుతో?

డబ్బు లేదంటారా? ఆఫ్రికాలోని నైజర్ మనకంటే పేద దేశం, మనకంటే మెట్ట దేశం. అక్కడి రైతులు 1980ల నుంచి చేలో మిగిలిన మోళ్లను నరకకుండా పెరగనిచ్చి, దాదాపు 50 లక్షల హెక్టార్లలో మళ్లీ చెట్లు నిలిపారు. ఖరీదైన నర్సరీలు లేవు, రిబ్బన్ కటింగులు లేవు. మనకేమో ఏటా అదే గుంతలో కొత్త మొక్క, కొత్త ఫొటో!

రైతన్నా, వచ్చే గ్రామసభలో యూరియా లైను గురించి మాత్రమే అడిగి ఊరుకోవద్దు. గట్ల మీద కానుగ, గిరిపుష్పం పెంచి మూడేళ్లు కాపాడినవాడికి ఉపాధి పనుల్లో కూలి అడుగు. చేలో గొర్రెల మంద కట్టించుకోవడానికి ఎరువుల రాయితీలో వాటా అడుగు. కందినీ జొన్ననూ మద్దతు ధరకు కొనే కేంద్రం మండలంలో ఎందుకు లేదో నిలదీయి. జవాబు కాగితం మీద రాయించుకో.