సీసాలో పొంగు... జాగ్రత్త సుమా!

ఎండలు ముదిరాయంటే చాలు, గొంతులో చుర్రుమనేలా చల్లగా ఏదైనా తాగాలనిపిస్తుంది. బజారు కూల్‌డ్రింకులు ఎందుకు, ఇంట్లోనే అల్లంతో గ్యాసు పానీయం చేసుకుందాం అనుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. చేసుకోండి, రుచి చాలా బాగుంటుంది. కానీ ముందు నా అనుభవం వినండి.

2019 మే నెలలో నేనూ చేశాను. ఇంగ్లీషువాళ్లు దీన్ని జింజర్ బీర్ అంటారు. పేరు చూసి కంగారు పడకండి, ఇందులో వేసేవి అల్లం, పంచదార, నిమ్మరసం, చిటికెడు ఈస్టు, అంతే. ఖాళీ అయిన టొమాటో సాస్ సీసాలు శుభ్రంగా కడిగి, నింపి, మూతలు గట్టిగా బిగించి వంటింటి గట్టుమీద పెట్టాను. రెండోరోజు మధ్యాహ్నం ఢామ్మని చప్పుడు! పరుగెత్తి వెళ్లి చూస్తే గోడంతా పానకం, అన్నం గిన్నెలో గాజుపెంకులు. అక్కడే కింద కూర్చుని బీరకాయలు తరుగుతున్న మా అత్తగారి పాదానికి మూడు కుట్లు పడ్డాయి. అదే పెంకు కంట్లో పడి ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. పాపం, ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "సీసా నాసిరకందేమోలే అమ్మాయ్" అన్నారు. కానీ తప్పు సీసాది కాదు, నాది.

అసలేం జరుగుతుందంటే... దోసెపిండి రుబ్బి మూతపెడితే తెల్లారేసరికి పొంగుతుంది కదా! ఇదీ అలాంటిదే. ఈస్టు పంచదారను తిని గ్యాసు వదులుతుంది. మూత వదులుగా ఉంటే ఆ గ్యాసు బయటికి పోతుంది. బిగిస్తే నీళ్లలోనే కరిగి ఉండిపోతుంది. మనకు చుర్రుమనిపించేది అదే.

ఇక్కడే లెక్క తెలుసుకోవాలి. ఈస్టు తిన్న పంచదార బరువులో దాదాపు సగం గ్యాసవుతుంది. లీటరుకు సుమారు 15 గ్రాముల పంచదార తింటే చాలు, కూల్‌డ్రింకులో ఉన్నంత గ్యాసు పుడుతుంది. మరి మనం తీపి కోసం వేసేదో? లీటరుకు 80 గ్రాముల పైనే! ఈస్టుకు "ఇక చాలు" అని తెలీదు. తిండి ఉన్నంతసేపూ తింటూనే ఉంటుంది. ఎండవేడికి మరీ త్వరగా తింటుంది. పలచటి గాజుసీసా ఎంతని ఓర్చుకుంటుంది చెప్పండి?

ఇంగ్లండు, అమెరికాల్లో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు ముందు పెద్దపాత్రలో పులుపు పూర్తిగా ఆగేదాకా ఉంచుతారట. ఆ తర్వాతే లీటరుకు 6 నుంచి 8 గ్రాముల పంచదార తూచి కలిపి, దళసరి సీసాల్లో పోసి మూత వేస్తారు. తొందరపడి ముందే మూసినా, పంచదార ఎక్కువైనా వాళ్ల సీసాలూ పేలతాయి. మన దగ్గర లైసెన్సు లేకుండా బీరు కాయడం నేరం కనుక ఆ జోలి మనకొద్దు. మన పానీయంలో తీపి మిగలాలి కాబట్టి ఆ పద్ధతి కుదరదు కూడా. మనకున్న దారి ఒక్కటే, సమయానికి ఆపడం.

కావలసినవి: అల్లం 50 గ్రాములు, పంచదార 150 గ్రాములు, నిమ్మకాయలు 2, డ్రై ఈస్టు పావు టీస్పూనులో సగం, నీళ్లు ఒకటిముప్పావు లీటరు, రెండు లీటర్ల కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా ఒకటి.

తయారుచేసే విధానం: అల్లం చెక్కు తీసి దంచి, నీళ్లలో పంచదారతోపాటు వేసి పది నిమిషాలు మరిగించాలి. గోరువెచ్చగా అయ్యేదాకా ఆరనివ్వాలి. వేడిగా ఉండగా ఈస్టు వేస్తే చచ్చిపోతుంది. వడకట్టి, నిమ్మరసం, ఈస్టు కలిపి సీసాలో పోయాలి. పైన నాలుగువేళ్ల మేర ఖాళీ ఉంచి మూత బిగించి, ఎండ తగలని చోట పెట్టాలి.

ఇక సీసాను నొక్కి చూస్తూ ఉండాలి. మొదట్లో మెత్తగా ఉంటుంది. కొట్లో అమ్మే కొత్త సీసాలా రాయిగా అయిందంటే గ్యాసు చాలినట్టే. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఎండాకాలం 12 గంటలకే ఆ స్థితికి రావచ్చు, కాబట్టి మూడు నాలుగు గంటలకోసారి చూడండి. చలికాలం రెండు మూడు రోజులు పడుతుంది.

గుర్తుంచుకోండి:

* గాజుసీసా అసలే వద్దు. సాస్, జామ్, తేనె సీసాలు గ్యాసు ఒత్తిడికి చేసినవి కావు. మంచినీళ్ల ప్లాస్టిక్ సీసాలు కూడా పలచన, అవీ వద్దు.

* చల్లబడ్డ తర్వాతే, సింకు మీద పట్టుకుని, మూత కొద్దికొద్దిగా తిప్పి తీయండి.

* ఫ్రిజ్‌లో పెట్టినా ఈస్టు నిద్రపోతుందే గానీ చావదు. రోజుకోసారి మూత వదులు చేసి గ్యాసు వదలండి. నాలుగు రోజుల్లో తాగేయండి. కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే మూత వదులు చేయడం మరవద్దు.

* పులిసినది కాబట్టి ఇందులో కొద్దిపాటి ఆల్కహాలు కూడా పుడుతుంది. ఉంచినకొద్దీ పెరుగుతుంది. పిల్లలకు, గర్భిణులకు ఈస్టు లేకుండా అల్లం నిమ్మ షర్బత్ ఇవ్వండి.

* ఇప్పటికే ఎవరైనా గాజుసీసాలో మూసి పెట్టి ఉంటే ఉత్తచేతులతో ముట్టుకోకండి. పిల్లల్ని ఆ గదిలోంచి పంపేసి, దూరం నుంచే దళసరి దుప్పటి మడతలు వేసి కప్పండి.

అన్నట్టు, మా ఇంట్లో ఇప్పుడు సీసా నొక్కి చూసే డ్యూటీ మా అత్తగారిదే. "రాయి అయిందే అమ్మాయ్!" అని ఆవిడ కేకేస్తే చాలు, చేతిలో ఏ పనున్నా వదిలేసి ఫ్రిజ్ తలుపు తీస్తాను. వచ్చేవారం మరో ముచ్చటతో కలుద్దాం, ఉంటాను మరి.