అద్దాల గదిలో ఫోన్ తీస్తున్నారా? ఆగండి

2017 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లోని హిర్ష్‌హార్న్ మ్యూజియంలో జపాన్ కళాకారిణి యాయోయి కుసామా ప్రదర్శన మొదలై వారం తిరక్కముందే ఒక గదిని కొన్నాళ్లు మూసేయాల్సి వచ్చింది. ఆ గదిలో నాలుగు వైపులా అద్దాలు, నేల మీద నల్లచుక్కల పసుపు గుమ్మడికాయలు, ఒక్కోదాని కడుపులో దీపం. వాటి మధ్య మనిషి నిలబడేందుకు కాస్త చోటు. సందర్శకుడొకరు తూలి పడటంతో ఒక గుమ్మడికాయ పగిలింది. సెల్ఫీ కోసం పడ్డ తంటాల్లోనే ఇది జరిగిందని అప్పట్లో వార్తలొచ్చాయి.

గది మళ్లీ తెరిచారు, పగిలినదాని బదులు ఇంకొకటి తెప్పించుకునే వీలుంది. వస్తువు కాబట్టి సరిపోయింది. ఇలాంటి గదుల్లో ఎవరూ తిరిగి తెచ్చివ్వలేని నష్టం మరొకటి రోజూ జరుగుతోంది. ఈ హెచ్చరిక దాని గురించే.

లాస్ ఏంజెలిస్‌లోని ది బ్రాడ్ మ్యూజియంలో కుసామా గదిలో మొదట్లో ఒక్కొక్కరికి ఇచ్చింది సుమారు 45 సెకన్లు. జేబులోంచి ఫోన్ తీయడం, లాక్ తెరవడం, కెమెరా ముందుకో వెనక్కో తిప్పడం, చెయ్యి చాచి ముఖం సరిచూసుకోవడం... ఇంతలో తలుపు మీద తట్టు. గంటలకొద్దీ క్యూలో నిలబడి తెచ్చుకున్న సమయాన్ని అరచేతిలో పట్టే అద్దపు పలక తినేసింది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన మనవాళ్లు ఎంతోమంది ఈ క్యూల్లో నిలబడ్డవారే. ఫోటో ఎలా వచ్చిందని అడిగితే వెంటనే చూపిస్తారు. లోపల ఎలా ఉందని అడిగితే మాత్రం మళ్లీ ఆ ఫోటోనే చూపిస్తారు.

ఆ గదులు ఎందుకు పుట్టాయో తెలిస్తే ఈ పని ఎంత విడ్డూరమో అర్థమవుతుంది. 1929లో జపాన్‌లోని మత్సుమోతోలో పుట్టిన కుసామాకు చిన్నతనం నుంచే భ్రమలు. కళ్ల ముందున్న పువ్వులో చుక్కలో విస్తరించి గోడల్నీ, పైకప్పునీ, చివరికి తననూ కమ్మేసేవి. ఆ భయాన్నే ఆమె కళగా మలిచింది. గుడ్డతో కుట్టి దూది కూరిన వందలాది ఆకారాలను చేత్తో చేసి చేసి అలసిపోయాక, 1965లో న్యూయార్క్‌లో వాటి చుట్టూ అద్దాలు నిలబెట్టింది. కొన్ని వందలు అంతులేని పొలమయ్యాయి. అందులో అడుగుపెట్టినవారు తమ హద్దు ఎక్కడో మరిచి, ఆ చుక్కల్లో తామూ ఒక చుక్కగా కరిగిపోవాలన్నది ఆమె ఆశ. ‘నేను’ చెరిగిపోవడానికి కట్టిన గది, ప్రపంచంలో జనం తమ ముఖం ఫోటో తీసుకోవడానికి ఎగబడే చోట్లలో ఒకటైంది!

చీకటితో పనిచేసే కళకైతే ఫోన్ నేరుగా దెబ్బ. జపాన్‌లోని నవోషిమా ద్వీపంలో కళాకారుడు జేమ్స్ టరెల్ 1999లో చేసిన కళాకృతి ఒకటుంది. వాస్తుశిల్పి తడావో ఆండో రూపొందించిన చెక్క భవనంలోకి గోడ తడుముకుంటూ వెళ్లి, బల్ల మీద కూర్చోవాలి. మొదట ఏమీ కనిపించదు. కళ్లు తెరిచామో మూశామో కూడా తెలియదు. నిమిషాలు గడిచాక ఎదురుగా ఏదో పలచటి వెలుగు ఉన్నట్టు అనుమానం, తర్వాత నమ్మకం. ఆ వెలుగు మొదటినుంచీ అక్కడే ఉంది. దాన్ని అందుకునే స్థితికి రావడానికి కళ్లకే అంతసేపు పట్టింది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటుపడాలంటే అరగంట దాకా కావాలి. ఆ సమయంలో ఎవరో ఒకరు టైమ్ చూద్దామని ఫోన్ వెలిగిస్తే, ఆ మనిషితోపాటు పక్కనున్న వాళ్లందరి కళ్లూ మళ్లీ మొదటికొస్తాయి. ‘నా ఫోన్, నా ఇష్టం’ అనే మాట అక్కడ చెల్లదు. పైగా కెమెరాకు చీకటి గిట్టదు. ఎలాగోలా వెలుగు పెంచి బూడిదరంగు మరకను చేతిలో పెడుతుంది.

ఫోటో తీసుకుంటే జ్ఞాపకం ఉంటుంది కదా అంటారు. అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ పరిశోధకురాలు లిండా హెంకెల్ మ్యూజియంలోనే దీన్ని పరీక్షించి, ఫలితాలు 2014లో ప్రచురించారు. వస్తువు మొత్తాన్ని ఫోటో తీసినవారికి దాని వివరాలు, ఊరికే చూసినవారికంటే తక్కువ గుర్తున్నాయి. ఏదో ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినప్పుడు ఆ నష్టం కనిపించలేదు. 2017లో వచ్చిన మరో అధ్యయనం, తమ ఇష్టం మేరకు ఫోటోలు తీసినవారికి చూసినవి బాగానే గుర్తుంటాయని, విన్నవి మాత్రం తగ్గుతాయని తేల్చింది. కాబట్టి కెమెరాను పూర్తిగా దోషిని చేయలేం. కానీ శబ్దం, చీకటి, కాళ్ల కింది నేల అన్నీ కలిస్తేనే కళ అయ్యే చోట చెవి మూతపడితే మిగిలేదెంత?

ఒళ్లు జాగ్రత్త అని కూడా చెప్పాలి. 2018లో పోర్చుగల్‌లోని పోర్తో నగరంలో, సెరాల్వెస్ మ్యూజియంలో శిల్పి అనీష్ కపూర్ కళాకృతిలో ఒక సందర్శకుడు రెండున్నర మీటర్ల లోతు గోతిలో పడి ఆసుపత్రి పాలయ్యాడు. నల్లరంగు వల్ల ఆ గొయ్యి నేల మీద పరిచిన చాపలా కనిపిస్తుంది. హెచ్చరిక బోర్డులు ఉన్నా ప్రమాదం తప్పలేదు. ఈ ఘటనలో ఫోన్ ప్రసక్తి లేదు. కళ్లు నేల మీద ఉన్నవాళ్లనే మోసగించే చోట, కళ్లు తెర మీద పెట్టి వెనక్కి అడుగులేసేవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

గోడలన్నీ ప్రొజెక్టర్ బొమ్మలయ్యే ప్రదర్శనలు మన దేశంలోని పెద్ద నగరాలకూ వచ్చేశాయి. వాటి ప్రకటనల్లో చాలావరకు కళాకారుడికంటే ‘ఫోటో పాయింట్’కే పెద్దపీట. నిర్వాహకులు రోజుకు ఒక్క ఆట అయినా ఫోన్లు బయట పెట్టించి నడపాలి. గదిలో ఎంతసేపు ఉండనిస్తారో టికెట్ మీదే రాయాలి. చీకటి గదుల్లో మెట్టు, గొయ్యి, మలుపు ఎక్కడున్నాయో లోపలికి పంపేముందే నోటితో చెప్పే మనిషిని పెట్టాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు పిల్లలను కూర్చోబెట్టే తల్లిదండ్రులకూ ఒక మాట. లోపలినుంచి గడ్డపు బొమ్మ వచ్చి గంట కొట్టి వెళ్లే ఆ కాసేపూ ఫోన్ పైకెత్తకండి. మీ వెనక కూర్చున్న పిల్లలకు మీ ఫోన్ తప్ప ఏమీ కనిపించదు. అద్దాల గదికి వెళ్లినా, చీకటి గదికి వెళ్లినా ఫోన్‌ను సైలెంట్‌లో పెడితే చాలదు, ఆఫ్ చేసి బ్యాగులో వేయండి. ఫోటో కావలసినవాళ్లు బయటికొచ్చాక గుమ్మం దగ్గర తీసుకోండి.