కుటుంబ ఆరోగ్యము: నీటి బుడగలని భయపడే తల్లులకు

హాలియాలో స్త్రీల కూడిక ముగిసిన తరువాత ఒక తల్లి మమ్మును ప్రక్కకు పిలిచి, కొంగుతో కళ్ళు తుడుచుకొంటూ స్కానింగు కాగితము చూపించింది. కూతురికి 19 ఏళ్ళు. నాలుగు నెలలుగా నెలసరి రాలేదు. గడ్డము క్రింద వెంట్రుకలు, ముఖము నిండా మొటిమలు. "గర్భసంచిలో నీటి బుడగలున్నయంటమ్మా, ఇక పిల్లలు పుట్టరంట. కుదిరిన సంబంధము కూడా తప్పిపోయింది" అన్నది. మొదట తానే బిడ్డను అనుమానించి కొట్టిందట. ఆ మాట చెప్పేటప్పుడే ఎక్కువ ఏడ్చింది.

ఈ బుడగలు గర్భసంచిలో ఉండవు, దాని ప్రక్కనున్న అండాశయాలలో ఉంటాయి. ఇవి కేన్సరు గడ్డలు కావు. పండి విడుదల కావలసిన అండము పండక ఆగిపోతే, ఆ చిన్న చిన్న తిత్తులే స్కానింగులో బుడగలవలె కనబడతాయి. డాక్టర్లు దీనిని పి.సి.ఓ.ఎస్. అంటారు. 1935లోనే షికాగో వైద్యులు స్టెయిన్, లెవెంథాల్ దీనిని గూర్చి వ్రాశారు. ఇంచుమించు పదిమంది స్త్రీలలో ఒకరికి ఉంటుంది. చాలామందిలో ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక ఎక్కువగా ఊరుతుంది, దానివలన పురుష హార్మోన్లు పెరిగి అండము పండటము ఆగుతుంది. కొందరు పిల్లలకు మెడ వెనుక నల్లబడితే మురికి అని పీచుతో రుద్దుతారు. అది మురికి కాదు, ఈ ఇన్సులిన్ గుర్తే. సన్నగా ఉన్న పిల్లలకు కూడా ఈ జబ్బు రావచ్చు.

పెద్దమనిషి అయిన మొదటి రెండు మూడేళ్ళు నెలసరి అటూ ఇటూ కావటము సహజము. తరువాత కూడా మూడు నెలలు దాటి రాకపోతే ఆలస్యము చేయవద్దు. గర్భసంచి లోపలి పొర మందమై, ఏళ్ళ తరబడి వదిలేస్తే ప్రమాదము. థైరాయిడు, షుగరు పరీక్షలు కూడా చేయించాలి. మెట్‌ఫార్మిన్, హార్మోను మాత్రలు డాక్టరు వ్రాస్తేనే వాడాలి గాని మందుల షాపులో అడిగి కాదు.

1967లో సాగరు నీళ్ళు కాలువలకు వదిలిన తరువాత మన వైపు వరి పెరిగింది, జొన్న రొట్టె తగ్గింది. అన్నము మానమని మేము చెప్పము, మిర్యాలగూడ మిల్లుల ప్రక్కన ఉండి ఆ మాట ఎవరు వింటారు? కాస్త తగ్గించి పప్పు, ఆకుకూర, గ్రుడ్డు పెంచండి. కూల్‌డ్రింకులు, బిస్కెట్లు మానిపించండి. రోజుకు అరగంట కాలువ గట్టు మీద తల్లీ కూతుళ్ళు గబగబా నడవండి. బరువున్న పిల్ల 60 కిలోలలో మూడు కిలోలు తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది.

"పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అనేవారి మాట వినకండి. "గర్భసంచి తీయించు" అనే మాట అసలే వద్దు. దేశములో ఆ ఆపరేషన్లు ఎక్కువగా జరిగినవి ఆంధ్ర, తెలంగాణలలోనేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. లోపము అండాశయములో ఉంటే గర్భసంచి తీసి ఏమి లాభము? పిల్లలు పుట్టరన్నదీ నిజము కాదు. అండము పండటానికి మందులున్నాయి, చికిత్సతో ఎక్కువమంది తల్లులవుతున్నారు. ఆలయములో హన్నా పెదవులు కదలటము చూచి ఏలీ ఆమె త్రాగియున్నదనుకొన్నాడు. పిల్లలు లేని కోడలిని గూర్చి మన సంఘాలలో అనే మాటలు కూడా అలాంటివే.

ఆ తల్లికి మేము చెప్పిన మొదటి పని చిన్నదే. గోడమీద కాలెండరులో నెలసరి వచ్చిన తేదీకి ప్రతిసారీ గుర్తు పెట్టమన్నాము. డాక్టరు మొదట అడిగేది ఆ తేదీలే.