స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపితే...

ఆ మధ్య ఒక రాత్రి డ్యూటీలో నాలుగేళ్ల బాబును భుజాన వేసుకొచ్చారు. రెండు రోజులుగా జ్వరం, వాంతులు. పిలిస్తే కళ్లు తెరవడం లేదు. బీపీ, షుగర్ రెండూ పడిపోయాయి. సెలైన్, గ్లూకోజ్ ఎక్కించినా బీపీ నిలబడలేదు. బుగ్గలు మాత్రం ఉబ్బి గుండ్రంగా ఉన్నాయి.

'ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?' అంటే తల్లి ఏమీ లేవంది. నాయనమ్మకు గుర్తొచ్చింది. ఆయాసానికి ఎప్పుడో రాసిన సిరప్‌ను పాత చీటీ చూపించి నెలల తరబడి కొంటూనే ఉన్నారట. 'పిల్లాడు బొద్దుగా అయ్యాడని సంతోషించాం డాక్టరుగారూ' అందావిడ. అది స్టెరాయిడని ఎవరో చెబితే భయపడి, పది రోజుల కిందట ఒక్కసారిగా ఆపేశారు.

మన మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను తయారుచేస్తాయి. జబ్బు చేసినప్పుడు బీపీ, షుగర్ పడిపోకుండా నిలబెట్టేది అదే. కొన్ని వారాలకు మించి బయటి నుంచి స్టెరాయిడ్ ఇస్తుంటే, ఇక మన అవసరం లేదన్నట్టు ఆ గ్రంథులు పని మానేస్తాయి. మళ్లీ మేల్కోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా మందు ఆపి, పైన జ్వరం వస్తే ఇదీ పరిస్థితి. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చాం. తెల్లారేసరికి లేచి ఇడ్లీ అడిగాడు.

ఆ తల్లిని నేను తప్పుపట్టను. పాత చీటీకి నెలల పాటు మందు అమ్మినవారిని తప్పుపడతాను. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందును చాక్లెట్‌లా చేతిలో పెడుతున్నాం. తామరకనీ, తెల్లబడటానికనీ వాడే క్రీముల్లోనూ ఘాటైన స్టెరాయిడ్లు ఉంటాయి. పసిపిల్లల చర్మానికి రోజుల తరబడి రాస్తే అవీ ఒంట్లోకి చేరతాయి.

అలాగని స్టెరాయిడ్ విషమేమీ కాదు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ పిల్లలకు అదే ప్రాణాధారం. ఆయాసానికి నాలుగైదు రోజులు ఇచ్చే కోర్సుకు, డాక్టరు చెప్పిన మోతాదులో వాడే ఇన్‌హేలర్‌కు భయపడి మానేయకండి.

పుట్టుకతో వచ్చే కారణం ఇంకొకటి ఉంది. కార్టిసాల్ తయారీకి కావాల్సిన ఎంజైమ్ లోపించే ఈ జబ్బును సీఏహెచ్ అంటాం. తల్లిదండ్రులిద్దరిలోనూ లోపమున్న జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు. మేనరికాల్లో అవకాశం మరింత ఎక్కువ. ఆడపిల్లల్లో జననాంగాల తేడా చూసి పుట్టగానే అనుమానిస్తాం. మగపిల్లలు చూడ్డానికి మామూలుగానే ఉంటారు. రెండు మూడు వారాలకు వాంతులు, బరువు తగ్గడం, ఒంట్లో ఉప్పు పడిపోవడం మొదలవుతాయి. పాలు పడటం లేదేమోనని డబ్బాలు మారుస్తూ కూర్చుంటే బిడ్డ దక్కకపోవచ్చు. పుట్టిన రెండు మూడు రోజులకు మడమ నుంచి తీసే నాలుగు చుక్కల రక్తంతో దీన్ని పట్టుకోవచ్చు. కేరళ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ పరీక్ష చేస్తున్నారు. మన దగ్గరా ప్రతి ప్రసూతి వార్డులో ఉచితంగా చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. అంతవరకు మీరే అడిగి చేయించుకోండి.

కాస్త పెద్ద పిల్లల్లో రోగనిరోధక వ్యవస్థ సొంత గ్రంథుల మీదే దాడి చేయడం, అరుదుగా క్షయ, మెదడులోని పిట్యూటరీ లోపాలు కారణమవుతాయి. గ్రంథే దెబ్బతిన్నప్పుడు వేళ్ల కణుపులు, చిగుళ్లు నల్లబడతాయి. నీరసం, బరువు తగ్గడంతో పాటు పిల్లలు ఊరగాయ, ఉప్పు అదేపనిగా అడుగుతుంటే ఒకసారి చూపించండి.

మీ బిడ్డ చాలాకాలంగా స్టెరాయిడ్ వాడుతుంటే, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించండి. జ్వరం వస్తే మోతాదు ఎంత పెంచాలో ముందే రాయించుకోండి. మందు వాంతి అయిపోతుంటే ఆగకుండా ఆస్పత్రికి రండి. రాగానే మొట్టమొదట చెప్పాల్సిన మాట, 'మా బాబు స్టెరాయిడ్ వాడాడు' అని. బడి సంచిలోనూ ఆ సంగతి రాసిన ఒక చీటీ పెట్టండి.