ఎక్కేది రైలు... నడిచేది కొండ!

కొండల్లో నాలుగు రోజులు నడిచొద్దామని ఇంట్లో మాట రాగానే ముందుగా తప్పుకునేది పెద్దవాళ్లే. ‘నాకు మోకాళ్లు నొస్తయి బిడ్డా, మీరు పోయి రాండ్రి. నేను ఇల్లు చూసుకుంట’ అంటుంది నానమ్మ. ‘నాలుగు మెట్లెక్కితే ఆయాసమొస్తది, నేనూ ఉంట’ అంటాడు తాత. వాళ్లిద్దర్నీ వదిలి ఎలా వెళ్లాలని కోడలు ఆగిపోతుంది. ఆమె లేకుండా పిల్లలు కదలరు. చివరికి కొండల ప్రయాణం కాస్తా జూపార్కు ప్రయాణమవుతుంది!

కిషన్‌బాగ్‌లో ఉండేవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. 1963లో తెరిచిన నెహ్రూ జూపార్కు ఆటో ఎక్కినంత సేపట్లో వచ్చేస్తుంది. లోపల పిల్లల రైలుంది. పక్కనే మీరాలం చెరువుంది. ఆదివారం గడిచిపోవడానికి ఇంకేం కావాలి? అలా ఏళ్లు గడిచిపోతాయి. కొండలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోతాయి.

నిజానికి కొండల్లో నడవడమంటే అడుగు నుంచి కొన దాకా కాళ్లీడ్చుకుంటూ ఎక్కాలనేం లేదు. రైలు చేయగలిగింది రైలుకి, రోప్‌వే చేయగలిగింది రోప్‌వేకి వదిలేసి, మధ్యలో చల్లగా, హాయిగా ఉండే దారిని మాత్రం కాళ్లకు ఉంచుకుంటే చాలు. అప్పుడు ఇంట్లో ఎవరూ కాపలా ఉండక్కర్లేదు.

ఎవరికి ఏది కష్టం?

అందరూ ఎక్కడమే కష్టమనుకుంటారు. అది సగమే నిజం. ఎక్కేటప్పుడు పని గుండెకీ ఊపిరితిత్తులకీ. దిగేటప్పుడు పని మోకాళ్లకి. మోకాలి మార్పిడి చేసేటప్పుడు కృత్రిమ కీలులో చిన్న కొలత పరికరాలు అమర్చి పరిశోధకులు ఈ భారాన్ని లెక్కగట్టారు. మామూలుగా నడిచేటప్పుడు మోకాలి మీద పడే భారం శరీర బరువుకు రెండున్నర రెట్లు. మెట్లెక్కేటప్పుడు మూడు రెట్లు దాటుతుంది. దిగేటప్పుడు మూడున్నర రెట్ల దగ్గరికి వెళ్తుంది. అరవై కిలోల మనిషి ఒక్కో మెట్టు దిగుతుంటే మోకాలు రెండొందల కిలోలు మోస్తోందన్నమాట!

కాబట్టి ఇంట్లో అందరికీ ఒకే లెక్క పనికిరాదు. ఆయాసం ఉన్న తాత రైల్లోనో రోప్‌వేలోనో పైకి వెళ్లి, పైన చదునుగా ఉన్నచోట నిదానంగా నడవాలి. మోకాళ్ల నొప్పులున్న నానమ్మ, ఓపికుంటే ఆగుతూ ఆగుతూ కొంత దూరం ఎక్కొచ్చు. దిగడం మాత్రం బండిలోనే. చేతిలో వెదురుకర్ర ఉంటే మోకాళ్ల మీద భారం ఇంకాస్త తగ్గుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, కీళ్లకు మందులు వాడేవాళ్లు డాక్టర్నడిగి బయల్దేరడం మంచిదని వేరే చెప్పాలా!

ఆల్ప్స్‌లో ఇదే పద్ధతి

కొండనడకకు పేరుమోసిన స్విట్జర్లాండ్‌లో ఇలా వెళ్లడాన్ని ఎవరూ చిన్నతనం అనుకోరు. వెంగెన్ ఊరి నుంచి కేబుల్‌కారు ఎక్కితే కాసేపట్లో మ్యాన్లిషెన్ కొండ మీద దింపుతుంది. అక్కణ్నుంచి క్లైన్ షైడెగ్ స్టేషన్ దాకా నాలుగైదు కిలోమీటర్ల కాలిబాట. దాదాపు గంటన్నర నడక. దారంతా కొంచెం కొంచెం వాలుగా కిందికి దిగుతుంది. ఎదురుగా మంచుకొండలు! బాట చివర పళ్లచక్రాల రైలు సిద్ధంగా ఉంటుంది. ఒక కొసన తాడు, ఇంకో కొసన రైలు, మధ్యలో నడక. అక్కడ బాటల పక్కన పాతిన పసుపురంగు బోర్డుల మీద ఎన్ని కిలోమీటర్లో కాదు, ఎన్ని గంటలో రాసి ఉంటుంది. కొండల్లో దూరం కంటే సమయమే ముఖ్యం మరి.

అదే స్టేషన్ నుంచి 1912లో పూర్తయిన యుంగ్‌ఫ్రా రైలు 3,454 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. మన గుల్మార్గ్ గండోలా అంతకంటే పైకి, నాలుగువేల మీటర్లకు దగ్గరగా వెళ్తుంది. ఇలాంటి చోట్ల ఒక చిక్కుంది. నడిచి వెళ్తే రోజులు పట్టే ఎత్తుకు యంత్రం గంటల్లో చేరుస్తుంది. శరీరం మాత్రం అంత త్వరగా అలవాటు పడదు. రెండున్నర వేల మీటర్లు దాటితే కొందరికి తలనొప్పి, వికారం, ఆయాసం మొదలవుతాయి. ఆ లక్షణాలు కనిపిస్తే ఫొటోల మాట తర్వాత, ముందు కిందికి దిగిపోవాలి.

మన కొండల రైలు

అంత ఎత్తులు వద్దు, అంత డబ్బూ లేదనుకునేవాళ్లకు అరకు ఉంది. సముద్రమట్టానికి తొమ్మిదొందల మీటర్ల పైచిలుకు ఎత్తు. పెద్దవాళ్లకు ఊపిరాడకపోవడమనే భయం లేదు. కిషన్‌బాగ్ నుంచి పురానాపూల్ దాటి నాంపల్లి స్టేషన్‌కి చేరితే చాలు. సాయంత్రం బయల్దేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లారేసరికి విశాఖపట్నంలో దించుతుంది. అదే ఉదయం కిరండూల్ రైలు అందుకోవచ్చుగానీ, మన బండి ఆలస్యమైతే అది కాస్తా వెళ్లిపోతుంది. అందుకని మొదటిరోజు విశాఖలోనే ఆగడం మేలు.

కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 446 కిలోమీటర్ల ఈ లైన్‌ని 1960ల్లో వేసింది మనుషుల కోసం కాదు. బైలడిల్లా గనుల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, జపాన్‌కు ఎగుమతి చేయడానికి. బరువైన ఖనిజం బళ్లు దిగడానికి వీలుగా కొండను చుట్టి చుట్టి, సొరంగాలు తొలిచి పట్టాలు పరిచారు. శృంగవరపుకోట దాటాక బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి... స్టేషన్ మారేకొద్దీ లోయ లోతవుతుంది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె మొత్తం పిల్లల కేకలే! 2017 ఏప్రిల్ నుంచి అద్దాల కప్పున్న విస్టాడోమ్ పెట్టె కూడా వచ్చింది. దానికి ముందుగానే రిజర్వు చేసుకోవాలి. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంటే గాలి అదనం.

బొర్రా గుహలు స్టేషన్‌లో దిగితే గుహల దాకా నడిచే పోవచ్చు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ముందు మెట్లు దిగాలి, తర్వాత ఎక్కాలి. అలసిపోకముందే దిగడం, అలసిపోయాక ఎక్కడం. కాబట్టి పెద్దవాళ్లు మొదటి పెద్ద గది దాకా వెళ్లి కూర్చుంటే సరిపోతుంది. సున్నపురాయి చుక్కచుక్కగా కారి గట్టిపడిన ఆకారాలు అక్కడే బోలెడు కనిపిస్తాయి. కుర్రకారుకు కటికి జలపాతం ఉంది. కొంత దూరం జీపు, మిగతాది నడక.

తర్వాత వచ్చే శిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. కశ్మీర్ లైన్ రాకముందు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఇదే ఎత్తయిందని చెప్పుకునేవాళ్లు. దాని తర్వాత అరకు. చలికాలం మొదట్లో వెళ్తే పొలాల్లో వలిసె పూలు పసుపు ఆరబోసినట్టుంటాయి. వాటి మధ్య గట్ల వెంట నానమ్మ కూడా గంటసేపు నడవగలదు. ఆ పొలాలు గిరిజన రైతులవి. ఫొటో కోసం చేలో దిగి పూలు తొక్కితే వాళ్ల నూనెగింజల పంట పోతుంది. గట్టు మీద నిలబడితే ఫొటోకేం తక్కువ కాదు.

తిరుగుదారికి బస్సు బాగుంటుంది. అనంతగిరి ఘాట్‌రోడ్డులో గాలికొండ దగ్గర ఆగి, కాఫీతోటల నీడలో నాలుగడుగులు వేసి, దిగుడంతా బస్సుకు వదిలేయొచ్చు. మోకాళ్లు దీవిస్తాయి!

తాడు మీద కాసేపు

విశాఖలో ఆగిన రోజుకు కైలాసగిరి ఉంది. సముద్రాన్ని ఆనుకుని 170 మీటర్ల పైచిలుకు ఎత్తున్న కొండ. మెట్లున్నాయి, రోడ్డుంది, రోప్‌వే ఉంది. పైన చుట్టూ తిప్పే చిన్న రైలూ ఉంది. రోప్‌వే అనగానే భయపడేవాళ్లకు అది పనిచేసే తీరు తెలిస్తే కొంత ధైర్యం వస్తుంది. రెండు చివర్లా పెద్ద చక్రాలు. వాటి మధ్య ఉక్కుతాడు. ఒకవైపు పెట్టెలు ఎక్కుతుంటే మరోవైపు దిగుతుంటాయి. మన బావిగిలక మీద రెండు బొక్కెనల్లాగే! దిగేవాటి బరువు ఎక్కేవాటిని లాగడానికి సాయపడుతుంది.

శ్రీశైలంలో పాతాళగంగకు వేసిన రోప్‌వేదీ బొర్రా లెక్కే. గుడి పైన, కృష్ణ కింద. వందల మెట్లు దిగి స్నానం చేశాక మళ్లీ ఎక్కాలి. మన భక్తులు ఎక్కువగా వెళ్లే తమిళనాడులోని షోలింగూరులో యోగ నరసింహస్వామి కొండకు 1,305 మెట్లు. అక్కడ 2024 మార్చిలో రోప్‌వే మొదలయ్యాక, ఎన్నేళ్లుగానో కింది నుంచే దండం పెట్టుకున్న ముసలివాళ్లు పైకి వెళ్తున్నారు.

అలాగని తాడును తేలిగ్గా తీసుకోకూడదు. 2022 ఏప్రిల్‌లో ఝార్ఖండ్‌లోని త్రికూట్ కొండ రోప్‌వేలో ప్రమాదం జరిగి పర్యాటకులు రాత్రంతా గాలిలోనే ఉండిపోయారు. హెలికాప్టర్లతో కాపాడాల్సి వచ్చింది. ప్రాణాలూ పోయాయి. ఈదురుగాలి వీస్తున్నప్పుడు రోప్‌వే ఆపేస్తే సిబ్బందితో గొడవపడకపోవడం, పెట్టెలో చెప్పినంతమందే ఎక్కడం ప్రయాణికుల చేతిలో పని. మరమ్మతుల కోసం మూసేసే రోజులూ ఉంటాయి. బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

పట్టాలు బాట కాదు

అరకు లైన్‌లో కుర్రాళ్లకు ఇంకో సరదా. పట్టాల వెంట నడిచి సొరంగాల్లో ఫొటోలు దిగడం. వంపు తిరిగిన సొరంగంలో వచ్చే బండి చివరి నిమిషం దాకా కనిపించదు. పక్కకు తప్పుకునే చోటు ఉండదు. తల మీద కరెంటు తీగలు. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం ఇది నేరం కూడా. 2023 జులైలో గోవా సరిహద్దులోని దూద్‌సాగర్ జలపాతం దగ్గర పట్టాల వెంట వచ్చినవాళ్లను రైల్వే రక్షకదళం ఆపి, కొందరితో గుంజిళ్లు తీయించింది. గుంజిళ్లతో పోతే అదృష్టమే!

వానాకాలంలో ఈ లైన్ మీద కొండరాళ్లు జారిపడి బళ్లు నిలిచిపోతుంటాయి. అందుకే భారీవానలప్పుడు ప్రయాణం వాయిదా వేసుకోవాలి. మిగతా రోజుల్లోనూ తిరుగు బండి ఎన్నింటికో తెలుసుకున్నాకే నడక మొదలుపెట్టాలి. రోజుకు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని బళ్లే కదా. చలికాలంలో కొండల్లో పొద్దు త్వరగా వాలిపోతుంది.

గోల్కొండలో రిహార్సల్

ఇంతకీ ఎవరు ఎంత నడవగలరో ముందుగా తెలిసేదెలా? దానికి విశాఖ దాకా పోనక్కర్లేదు. కిషన్‌బాగ్ నుంచి లంగర్‌హౌజ్ మీదుగా గోల్కొండ దగ్గరే. కోట పైకి మూడొందలకు పైగా మెట్లు. ఓ చల్లని ఉదయం ఇంటిల్లిపాదీ వెళ్లి, ఎవరి ఓపికను బట్టి వాళ్లు ఎక్కాలి. ఎక్కేటప్పుడు ఎవరు ఆగుతున్నారు, దిగేటప్పుడు ఎవరు గోడ పట్టుకుంటున్నారు... ఈ రెండూ గమనిస్తే చాలు. ఎవరికి పైకి బండి కావాలో, ఎవరికి కిందికి బండి కావాలో తేలిపోతుంది. నానమ్మ సగం మెట్ల దగ్గరే కూర్చుండిపోయినా ఫర్వాలేదు. గాలికొండ గాలి పీల్చడానికి ఆమాత్రం చాలు.

ఆ లెక్క తేలాక టికెట్లు తీసుకోవచ్చు. తాతకు, నానమ్మకు లోయర్ బెర్తులడగడం మాత్రం మర్చిపోకూడదు. ఇంటికి తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇస్తే సరి!