ఆ మూడు వందల మీటర్లు

వాట్సాప్‌లో మళ్లీ అలాంటి వీడియోనే వచ్చింది. ఉక్రెయిన్‌లో ఎక్కడో ఒక రోడ్డు మలుపు, ఒక రష్యన్ ట్యాంకు, చెట్ల చాటు నుంచి ఒక మెరుపు, ఆపైన గాల్లోకి లేచిన టరెట్. దానికి మన సినిమా హీరో ఎంట్రీ మ్యూజిక్ తగిలించారు. కింద చప్పట్ల బొమ్మలు. ఏళ్ల తరబడి చూస్తూ ఊరుకున్నాను గానీ ఈ వారం ఓపిక నశించింది. ఆ మెరుపుకు ముందు జరిగినదేదీ ఆ వీడియోల్లో ఉండదు. గొట్టం భుజాన పెట్టుకున్న మనిషి కనిపించడు. నలభై టన్నుల ఇనుము తనవైపు కదిలి వస్తుంటే, అది అందేంత దగ్గరికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నవాడు అతను. నాకు అతని గురించే మాట్లాడాలని ఉంది.

భుజం మీంచి ట్యాంకులను కొట్టే ఈ ఆయుధాల సంగతి పాఠకులకు కొత్త కాదు. గొట్టంలోనే గుండు అమర్చి, సీలు వేసి ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. ఒకసారి పేల్చాక ఖాళీ గొట్టాన్ని అక్కడే పడేస్తారు. స్వీడన్‌వారి ఏటీ-4 ఏడెనిమిది కిలోల బరువు, 84 మిల్లీమీటర్ల గొట్టం. దానితో గురి తప్పకుండా కొట్టాలంటే శత్రువు 300 మీటర్ల లోపు ఉండాలి. అమెరికావారి ఎం-72 మరీ తేలిక, రెండున్నర కిలోలే. దానికి ఇంకా దగ్గరికి పోవాలి. స్వీడన్, బ్రిటన్ కలిసి తయారు చేయించుకున్న ఎన్‌లా పన్నెండున్నర కిలోలు ఉంటుంది గానీ తెలివైనది. కదిలే ట్యాంకును రెండు మూడు సెకన్లు గురిలో పట్టి ఉంచితే, అది ఎక్కడికి చేరబోతోందో తనే లెక్క కట్టి, ట్యాంకు మీదుగా ఎగురుతూ పైకప్పులోకి పేలుతుంది. కవచం అక్కడే పలచన మరి. అంత తెలివైన ఆయుధమైనా ఆ రెండు మూడు సెకన్లు చెయ్యి వణకని మనిషి కావాలంటుంది.

గొట్టం ఇస్తే చాలు, పని అయిపోతుందనుకున్నవాళ్లకు చరిత్ర గట్టిగానే సమాధానం చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జర్మనీ పాంజర్‌ఫౌస్ట్‌లను అరవై లక్షలకు పైగా తయారు చేసింది. మొదట వచ్చిన రకం ముప్ఫై మీటర్లకు మించి పనిచేయదు. వెనకనుంచి నిప్పు చిమ్ముతుంది జాగ్రత్త అని గొట్టం మీదే రాసి ఇచ్చారు. 1945లో బెర్లిన్ వీధుల్లో వాటిని ముసలివాళ్ల చేతికీ, మీసాలు రాని పిల్లల చేతికీ అందించారు. చాలామందికి నేర్పిన విద్య నామమాత్రమే. ట్యాంకులు కొన్ని కాలిపోయాయి, నిజమే. ఆ పిల్లల్లో ఎందరు ఇళ్లకు చేరారన్నది నన్ను ఎక్కువ బాధించే ప్రశ్న.

గొట్టాలుంటేనే చాలదని ఇంకోసారీ తేలింది. 1968 ఫిబ్రవరిలో వియత్నాంలోని లాంగ్ వే శిబిరం మీదికి ఉత్తర వియత్నాం పీటీ-76 ట్యాంకులు వచ్చాయి. పల్చటి కవచం ఉన్న, నీళ్లలో ఈదే తేలికపాటి ట్యాంకులవి. శిబిరంలోని అమెరికన్ల దగ్గర ఎం-72లు చాలానే ఉన్నాయి. ఎన్నో పేలనే లేదు. పేలినవాటిలో కొన్ని కవచం మీద జారిపోయాయి. తెల్లవారేసరికి శిబిరం పోయింది.

మన దగ్గరి ఉదాహరణ అబ్దుల్ హమీద్. 1965 సెప్టెంబరులో ఖేంకరన్ దగ్గర చీమా గ్రామం పొలాల్లో జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల తుపాకితో పాకిస్థాన్ ప్యాటన్ ట్యాంకులను ఒక్కొక్కటిగా కూల్చాడు. అది పారేసే గొట్టం కాదు, తెలుసు. నేను చెప్పేది ఆ మనిషి గురించి. బడిపుస్తకాల్లో అతని సాహసం ఉంటుంది. ట్యాంకు విధ్వంసక విభాగంలో ఏళ్లపాటు పనిచేసి, పటాలంలోనే మేటి గురికాడుగా పేరు తెచ్చుకున్న సంగతి ఉండదు. ట్యాంకులు దగ్గరికి వచ్చేదాకా ఆగగలిగాడంటే ఆ గుండె నిబ్బరం వెనక అలవాటైన చెయ్యి ఉంది. 2022 జనవరిలో, యుద్ధం ఇంకా మొదలవకముందే, బ్రిటన్ రెండు వేల ఎన్‌లాలను ఉక్రెయిన్‌కు చేర్చినప్పుడు వాటితోపాటు నేర్పే సైనికులను కూడా పంపింది. టరెట్ ఎగిరిన వీడియోలకు ఆ తరగతులే మూలం. వాటి వీడియోను మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

డ్రోన్లు వచ్చాక ఈ గొట్టాల కాలం చెల్లిందని టీవీ చర్చల్లో పెద్దలు తేల్చేస్తున్నారు. ఉక్రెయిన్‌లో ఇప్పుడు ఎక్కువ ట్యాంకులను డ్రోన్లే కాలుస్తున్నాయన్నది నిజం. కానీ పొగమంచులో, సిగ్నల్ జామ్ చేసిన చోట, ఎదురింటి గోడ వెనక మెషిన్‌గన్ మోగుతున్నప్పుడు కాల్బలం చేతిలో ఉండేది గొట్టమే. గోడకు కన్నం పెట్టడానికో, గోడ దాటాక లోపల పేలడానికో పనికొచ్చే రకాలు అందుకే వచ్చాయి. మన సైన్యం, వైమానిక దళం 2022లో ఎంచుకున్న ఏటీ-4 అలాంటిదే. గదిలోంచీ బంకరులోంచీ కూడా పేల్చవచ్చు.

ఎంచుకోవడం బాగుంది. పేల్చి నేర్చుకోవడం ఎలా? ఒకసారికే పనికొచ్చే ఆయుధంతో సాధన చేస్తే ప్రతి సాధనా ఒక ఆయుధం ఖర్చే. అందుకే ప్రపంచమంతా గొట్టంలో చిన్న తుపాకి తూటా పెట్టి కాల్పించే పద్ధతి ఉంది. గురి అలవడుతుంది, సరే. అసలు గుండు పేలినప్పటి మోత, వెనక లేచే మంట, ముందు కమ్మే దుమ్ము ఆ చిన్న తూటాతో తెలియవు. అసలుదాన్ని ఒక్కసారైనా పేల్చని జవాను మొదటిసారి యుద్ధంలోనే పేల్చాలి. ఇది నేను ఒప్పుకోలేను.

మందుగుండు విషయంలో మన చెయ్యి పిసినారిది. 2017 నాటి కాగ్ నివేదిక ప్రకారం 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా చాలవు. శిక్షణకు వాడే రకాల పరిస్థితి ఇంకా అన్యాయం. మూడొంతులకు పైగా రకాల్లో నిల్వ అయిదు రోజులకు లోపే. ఆ తర్వాత అత్యవసర కొనుగోళ్లు చేశారు, పరిస్థితి మెరుగైందన్నారు. కొరత వచ్చినప్పుడు మొదటి కోత సాధన మీద పడే అలవాటు మారిందని నాకు నమ్మకం కలగలేదు. రిపబ్లిక్ డే కవాతులో ట్యాంకు నడుస్తుంది, విమానం ఎగురుతుంది. జవాను ఏడాదికి ఎన్ని అసలు గుండ్లు పేల్చాడన్నది ఏ శకటం మీదా ఊరేగదు, అందుకే దాన్ని అడిగేవారుండరు. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్‌లో రూపుదిద్దుకున్న భుజం మీది ట్యాంకు విధ్వంసక క్షిపణి సంగతే చూడండి. 2018లో అహ్మద్‌నగర్‌లో తొలి పరీక్షలు, 2024లో పోఖ్రాన్‌లో ఇంకా పరీక్షలే. యుద్ధవిమానం ఆలస్యమైతే పార్లమెంటులో గొడవ జరుగుతుంది. కాలినడకన పోయేవాడి ఆయుధానికి ఆ భాగ్యం లేదు.

ఎక్కువ పేల్చనివ్వండి అంటున్నాను కాబట్టి దాని మూల్యం కూడా నేనే చెప్పాలి. ఈ గొట్టాలు భుజాన్ని తన్నకుండా ఉండేందుకు మందు పేలిన వాయువును వెనక్కి వదులుతాయి. ఆ మోత 180 డెసిబెల్స్ దాటుతుంది. దెబ్బ చెవితో ఆగదు, తల మొత్తానికీ తగులుతుంది. ఇదే తరహా ఆయుధమైన కార్ల్ గుస్తాఫ్‌ను శిక్షణలో రోజుకు ఆరు గుండ్లకు మించి పేల్చకూడదని అమెరికా సైన్యం పరిమితి పెట్టుకుంది. 2024లో వాళ్ల రక్షణ శాఖ ఇలాంటి పేలుళ్ల ఒత్తిడి మీద ప్రత్యేక ఆదేశాలే ఇచ్చి, కొత్తగా చేరేవారి జ్ఞాపకశక్తిని, ఆలోచనా వేగాన్ని ముందుగానే పరీక్షించి నమోదు చేయాలంది. తర్వాత తేడా వస్తే తెలియాలని.

మన దగ్గర ఆ తేడాను నిరూపించాల్సిన భారం రిటైరైన జవాను మీద పడుతోంది. పశ్చిమ గోదావరి జిల్లా మిలిటరీ మాధవరంలో దాదాపు ఇంటికొకరు సైన్యంలో పనిచేసినవారే. అలాంటి ఊళ్లలో అరుగు మీద కూర్చున్న పెద్దాయనను పలకరిస్తే రెండోసారి గట్టిగా అడగాల్సి వస్తుంది. వయసు వల్ల అంటారు ఇంట్లోవాళ్లు. ఫైరింగ్ రేంజిలో పోయిన వినికిడి అది కాదని ఎవరు చెప్పగలరు? 2023 సెప్టెంబరులో వైకల్య పింఛను నిబంధనలను బిగించారు. ట్రిబ్యునళ్లు జవాన్ల పక్షాన ఇచ్చిన తీర్పుల మీద ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా అప్పీళ్లకు పోతూనే ఉంది. దేశం కోసం చెవులు పోగొట్టుకున్నవాడిని వకీళ్ల చుట్టూ తిప్పడం కంటే సిగ్గుచేటు ఇంకొకటి నాకు తోచదు.

నేను అడిగేది కోట్ల పని కూడా కాదు. సైన్యంలో చేరిన నెలలోనే ప్రతి జవానుకూ వినికిడి పరీక్ష చేయండి. భుజం మీంచి పేల్చిన ప్రతి అసలు గుండునూ తేదీతో సహా అతని వైద్య పత్రాల్లో రాయండి. ఏడాదికోసారి పరీక్ష మళ్లీ చేసి, ఆ కాగితం నకలు అతని చేతికివ్వండి. రేపు పింఛను బోర్డు ముందు నిలబడ్డ రోజున చెవి ఎక్కడ పోయిందని అడిగితే, సమాధానం ప్రభుత్వం రాసిన కాగితంలోనే ఉంటుంది.