ఆరోగ్య దీపిక: ఎగ్జిమా మందులు, పిల్లల టీకాలు

"ఒంటినిండా ఎగ్జిమా ఉంది, బిడ్డకు టీకా వేయించవచ్చునా?" అని తల్లులు తరచుగా అడుగుతుంటారు. ఈ సందేహం ఊరక పుట్టినది కాదు. మశూచి టీకాలు వేసిన రోజుల్లో, ఆ టీకాలోని సజీవ క్రిమి ఎగ్జిమా ఉన్న చర్మంపై వ్యాపించి ప్రాణాపాయం కలిగించిన సందర్భాలున్నాయి. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి నిర్మూలనను ప్రకటించడంతో సామాన్య ప్రజలకు ఆ టీకా అవసరం తీరింది. భయం మాత్రం మిగిలిపోయింది. నేడు పిల్లలకు వేసే సాధారణ టీకాలకు ఎగ్జిమా అడ్డంకి కాదు; సూదిని పుండ్లు లేని చోట వేస్తే చాలు.

అసలు చూడవలసింది వాడే మందును. వైద్యుని సలహా మేరకు పైపూతగా వాడే స్టెరాయిడ్ లేపనాలు టీకా ఫలితాన్ని చెప్పుకోదగినంతగా తగ్గించవు. దురదకు ఇచ్చే సెటిరిజిన్ కూడా అంతే. నోటి ద్వారా తీసుకునే ప్రెడ్నిసొలోన్ సంగతి వేరు. ఎగ్జిమాలో అతిగా స్పందించే రోగనిరోధక వ్యవస్థను ఈ మందు అణచివేస్తుంది. టీకా పనిచేయాలంటే మేల్కొని ఉండవలసినది ఆ వ్యవస్థే!

రోజుకు 20 మి.గ్రా., లేక పసిపిల్లలకు కిలో బరువుకు 2 మి.గ్రా. చొప్పున, లేదా అంతకు మించి 14 రోజులు గాని ఆపైన గాని వాడినవారికి, మందు ఆపిన తరువాత కనీసం ఒక నెల గడిచేవరకు సజీవ టీకాలు వేయరాదు. తట్టు, గవదబిళ్ళలు, ఆటలమ్మ టీకాలు, పోలియో చుక్కలు ఈ కోవలోనివి. బలహీనపరచిన క్రిమి శరీరంలో కొంత వృద్ధి చెందడం వల్లనే ఇవి రక్షణనిస్తాయి; నిరోధకశక్తి అణగినచోట ఆ క్రిమి హద్దు మీరవచ్చు. ధనుర్వాతం, కంఠసర్పి వంటి నిర్జీవ టీకాలతో ఈ ప్రమాదం లేదు గాని, ప్రతిరక్షకాలు తగినంతగా పుట్టకపోవచ్చు. మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్, సైక్లోస్పోరిన్ వాడేవారికీ ఇదే హెచ్చరిక. వీలైతే రావలసిన టీకాలను చికిత్సకు ముందే ముగించుకోవడం మేలు.

ఇటీవలి మందైన డుపిలుమాబ్ నిరోధక వ్యవస్థను మొత్తంగా అణచదు. దానిని వాడుతున్న పెద్దలలో ధనుర్వాతపు టీకా, ఒక రకం మెదడు పొరల వాపు (మెనింజైటిస్) టీకా మామూలుగానే పనిచేసినట్లు పరిశోధనలో తేలింది. సజీవ టీకాల విషయంలో మాత్రం ముందుగా వైద్యుని అడగాలి.

మన ఇళ్ళలో అసలు చిక్కు చీటీ లేకుండా మందుల షాపులో కొనే "దురద మాత్ర"తోనే వస్తున్నది. అది స్టెరాయిడ్ అని కొన్నవారికే తెలియదు! టీకాకు వెళ్ళేటప్పుడు బిడ్డకు వాడిన మాత్రల అట్టలన్నీ వెంట తీసుకువెళ్ళి డాక్టరుగారికి చూపండి. టీకా కోసమని వాటిని మీ అంతట మీరు హఠాత్తుగా మానిపించకండి. దీర్ఘకాలం వాడినవారి శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని తగ్గించుకుని ఉంటుంది. దానిని మెల్లమెల్లగా తగ్గించడం వైద్యుని పని.